నెల్లూరు వాద్యబృందం ఈ ఏటి కచేరీలు: నాదస్వరం ముఖ్య వాద్యమైతే కార్యక్రమాన్ని ఎలా కూర్చుకోవాలి?

మూలాపేట వయొలిన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల్లూరులో మేము కొందరం కలిసి నడుపుకుంటున్న వాద్యబృందం విషయమై పెద్దల సలహా కోరుతున్నాను. మాలో ఎవరికీ సంగీతం జీవనోపాధి కాదు. బ్యాంకు ఉద్యోగులు, బడి పంతుళ్లు, పదవీ విరమణ చేసినవారు, ఇంటర్ చదివే పిల్లలు ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరి సాధన చేస్తాము. వయొలిన్లు ఎక్కువ. వీణలు, వేణువులు, ఒక మాండలిన్, ఒక కీబోర్డు, మృదంగం, ఘటం ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరైనా పిలిస్తే వెళ్లి వాయించి రావడమే తప్ప, ఏడాది పొడవునా జరిగే కచేరీలను ముందే నిర్ణయించి ఊరికి ప్రకటించింది లేదు. ఈసారి విజయదశమి మొదలు ఉగాది వరకు నాలుగు కచేరీలు చేయాలని, వాటిలో ఒకదానికి బయటి నుంచి ముఖ్య కళాకారులను ఆహ్వానించాలని నిశ్చయించుకున్నాము.

మేము పిలవాలనుకుంటున్నది ఒంగోలు వైపు నుంచి వచ్చే ఒక నాదస్వర విద్వాంసురాలిని. ఒక ఆలయ ఉత్సవంలో పల్లకి ముందు నిలబడి ఆమె తోడి ఆలాపన చేస్తుండగా దగ్గర నుంచి విన్నాను. మొదట పెట్టుకున్న పీక (ఊదే రెల్లు ముక్క) ఆమెకు నచ్చలేదు. దాన్ని తీసి, వాద్యానికి దారంతో వేలాడుతున్న పీకల గుత్తిలోంచి ఇంకొకటి ఏరి, పెదవుల మధ్య కాసేపు తడిపి, రెండు ఊపిరులు ఊది చూసుకుని, అప్పుడు రాగం ఎత్తుకున్నారు. తారస్థాయి షడ్జం మీద ఆమె నిలిచినంతసేపూ పల్లకి మోసేవారు కూడా అడుగు వేయలేదు. పెళ్లిలో మాంగల్యధారణ సమయంలోనూ, సభ మొదట్లో మంగళవాద్యంగానూ మాత్రమే మనం వినే ఆ వాద్యాన్ని ఒక పూట సభామధ్యంలో కూర్చోబెట్టి, మా బృందమంతా చుట్టూ చేరి సహకరించాలన్నది నా కోరిక.

అయితే బృందంలో సందేహాలున్నాయి. నాదస్వరం బయలు ప్రదేశంలో వాయించే వాద్యమనీ, దాని ముందు వీణ వినపడదనీ కొందరంటున్నారు. మా సాధన మూడు శ్రుతిలో (శ్రుతి అంటే వాద్యాలన్నీ కలుపుకునే ఆధార స్వరపు ఎత్తు) సాగుతుంది. ఆమె వాద్యం రెండున్నర. ఆమెనే శ్రుతి మార్చుకొమ్మని అడుగుదామని ఒకరు సూచించారు. కార్తీక పౌర్ణమినాడు రంగనాథస్వామి ఆలయానికి దగ్గరలో పెన్న ఒడ్డున ఆరుబయట ఈ కచేరీ జరపాలని మొదట అనుకున్నాము. శ్రుతి సంగతి, కృతుల ఎంపిక, తేదీ, ఈ మూడింటిపైనా అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఒంగోలు శిక్షకుడు

అయ్యా, ముందుగా శ్రుతి సంగతి చెబుతాను, ఎందుకంటే అది తేలకపోతే మిగిలినవేవీ తేలవు. నాదస్వరం శ్రుతి ఆ కర్ర పొడవులోనే ఉంటుంది. వేళ్లు ఆడే ఏడు రంధ్రాలు కాక కింది భాగంలో మరో ఐదు రంధ్రాలుంటాయి. వాటిని మైనంతో మూయడం, తెరవడం ద్వారానూ, పీకను మార్చడం ద్వారానూ విద్వాంసులు చిన్న చిన్న సవరణలు చేసుకోగలరు గానీ, అరశ్రుతి ఎక్కువ వాయించమంటే అది ఇంకొక వాద్యం తెమ్మనడమే. ఏళ్ల తరబడి చేతికీ ఊపిరికీ అలవాటైన వాద్యాన్ని ఆమె మార్చుకోవడం కన్నా, మీరంతా అరశ్రుతి దిగడం న్యాయమూ తేలికా.

మీ బృందంలో ఎవరికెంత కష్టమో చూడండి. వయొలిన్లు, మాండలిన్ తీగలు కొద్దిగా సడలించుకుంటే సరిపోతుంది. వీణ కూడా అరశ్రుతి దిగడానికి అభ్యంతరం చెప్పదు. కీబోర్డుకు మీట నొక్కడమే. మృదంగం ఆ మేరకు తగ్గుతుంది, లేదా తగ్గు శ్రుతి మృదంగం ఒకటి తెచ్చుకోవచ్చు. ఘటం మాత్రం కాల్చిన మట్టి కనుక దాని శ్రుతి దానిదే. రెండున్నరకు సరిపడే ఘటం దొరికితే సరి, లేకపోతే ఆ పూటకు విశ్రాంతి. అసలు చిక్కు వేణువులది. వేణువు శ్రుతి మారాలంటే వేణువే మారాలి. రెండున్నర శ్రుతి వేణువు పొడవుగా ఉండి రంధ్రాలు ఎడంగా ఉంటాయి కాబట్టి మీ బృందంలోని పిల్లల చేతులకు మొదట్లో అందదు. ఇప్పుడే తెప్పించి సాధన మొదలుపెట్టించండి. కచేరీకి వారం ముందు ఇచ్చిన కొత్త వేణువుతో ఏ పిల్లవాడూ గమకం (స్వరాన్ని ఊగించే తీరు) పలికించలేడు.

ఇంకొక మాట. గాలి వాద్యాలన్నీ వాయించేకొద్దీ వేడెక్కి శ్రుతి కొంచెం పెరుగుతుంది. అందువల్ల వేదిక ఎక్కగానే శ్రుతి సరిచూసుకుని చేతులు దులుపుకోకుండా, ఆమె కాసేపు వాయించిన తరువాత తీగవాద్యాల వారంతా మళ్లీ ఒకసారి సరిచూసుకునే వ్యవధిని కార్యక్రమంలోనే పెట్టుకోండి.

కృతుల విషయంలో నా అభిప్రాయం ఇది. బృందమూ ముఖ్య కళాకారిణీ మొదటి నుంచి చివరి దాకా ఒకే స్వరాన్ని కలిసి వాయిస్తే ఆమెను పిలిచిన ప్రయోజనం నెరవేరదు. మన సంగీతంలో రాగాలాపన ఒక్కరి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు చేసే సొంత కల్పన. అక్కడ బృందం పూర్తిగా మౌనం వహించి తంబురా ఒక్కటే వినిపించాలి. కృతిలో పల్లవిని బృందం నిలబెడితే సంగతులను (ఒకే పంక్తిని మార్చి మార్చి పలికే రీతులను) ఆమె పెంచుకుంటూ పోవచ్చు. స్వరకల్పనలో ఆమె ఆవర్తం ఆవర్తం (ఒక్కొక్క తాళపు చుట్టు) అప్పటికప్పుడు కల్పించి వాయిస్తూ ఉంటే, ముందే కూర్చి సాధన చేసిన ముక్తాయింపును (ముగింపు స్వరాలను) అందరూ ఒక్కసారిగా అందుకోవాలి. అక్కడ ఇరవై వయొలిన్ కమానులు ఒకే దిశలో కదిలితే వచ్చే నిండుదనం ఒక్క పక్కవాద్యంతో రాదు. అందుకు ఒక ముందు జాగ్రత్త అవసరం. ఒకే కృతికి ఒక్కొక్క గురుపరంపరలో ఒక్కొక్క పాఠాంతరం ఉంటుంది. మీరు ఏ కృతి ఎంచుకున్నా ఆమె పాఠాన్ని రికార్డు చేయించి తెచ్చుకుని, మీ పాఠాన్ని పక్కన పెట్టి, దానినే అందరూ నేర్చుకోండి.

కీబోర్డును తోడి, వరాళి వంటి రాగాల్లో దయచేసి వాడకండి. గమకమే ప్రాణమైన గాంధారాన్ని అది కదలకుండా పట్టుకుని నిలబడితే, నాదస్వరంలో ఆమె ఎంతో శ్రద్ధతో ఊగించిన స్వరం చెడిపోతుంది. కీబోర్డు వాయించే వారికి దసరా కచేరీలో పని కల్పించవచ్చు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో విన్న పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం రాసి చేసిన నోట్టు స్వరాలు శంకరాభరణ స్వరాల్లోనే ఉంటాయి. గమకాలు దాదాపుగా లేవు కాబట్టి పిల్లలకూ, కీబోర్డుకూ, కొత్తగా చేరిన వయొలిన్ విద్యార్థులకూ అవి అమరినట్టు మరేవీ అమరవు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముందువరుసలో ఉన్నవారు. వయొలిన్లే ఎక్కువగా ఉన్న మీ బృందం ఆ అన్నదమ్ములిద్దరినీ తలుచుకుంటూ ఏటి కచేరీలకు శ్రీకారం చుట్టడం ఎంతో ఉచితంగా ఉంటుంది.

ట్రంకురోడ్డు రసికుడు

మీ ఉత్సాహం మెచ్చదగినదే గానీ, మొదటిసారిగా ప్రకటించి చేస్తున్న కచేరీలకు మద్రాసు నుంచి పేరున్న వయొలిన్ విద్వాంసుణ్ణి ఎవరినైనా పిలవడం క్షేమమని నా అభిప్రాయం. శ్రుతి బాధ ఉండదు, సమతూకం బాధ ఉండదు, రైలెక్కితే పూటలో వచ్చి వెళ్లగలిగే దూరం, పేరు చూసి జనమూ వస్తారు. నాదస్వరాన్ని రెండో ఏడాదికి ఉంచుకోవచ్చును కదా.

కరవది పొరుగు

ట్రంకురోడ్డు రసికుడు గారితో నేను ఏకీభవించలేను. వయొలిన్ విద్వాంసులంటే నాకూ గౌరవమే. కానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాద్యబృందం తన మొదటి ఏడాది ముఖ్య వాద్యంగా దేనిని ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఈ నేలే జవాబు చెబుతుంది.

1924లో మా పక్కనే, ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన్న మౌలానా గారు నాదస్వర కుటుంబంలో పెరిగి, చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకుని, అంతటితో ఆగక తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వరానికి పుట్టిల్లు తమదేనని భావించే తమిళనాడు ఒక తెలుగు విద్వాంసుణ్ణి నెత్తిన పెట్టుకుంది. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో గౌరవించింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. నాదస్వరాన్ని స్త్రీ వాయించడం వింతగా చూసిన కాలంలో కాలీషాబీ గారు భర్త పక్కన కూర్చుని సరిసమానంగా కచేరీలు చేశారు. మీరు పిలవదలచిన విద్వాంసురాలు ఆ దారిలో నడుస్తున్నవారే కదా.

ముస్లిం కుటుంబాలవారు తరతరాలుగా రామాలయాల్లోనూ, వేణుగోపాలస్వామి గుళ్లలోనూ మేలుకొలుపు నుంచి పవళింపు వరకు వాయిస్తూ వచ్చిన సంప్రదాయం మా ప్రాంతానిది. త్యాగరాజస్వామి పూర్వీకులది కంభం సీమలోని కాకర్ల. శ్యామశాస్త్రి గారి పూర్వీకులూ కంభం నుంచి దక్షిణాదికి తరలివెళ్లినవారే. ఈ సీమ నుంచి వెళ్లినవారి కృతులను ఈ సీమ నాదస్వరం మీద, ఈ సీమ బృందం సహకారంతో వినే అవకాశం మీ చేతుల్లో ఉండగా, దానిని ఏడాది వెనక్కి నెట్టడానికి నాకు ఏ కారణమూ కనిపించడం లేదు. పేరున్నవారైతేనే జనం వస్తారన్నది కూడా పూర్తిగా నిజం కాదు. కరపత్రంలో ఆమె ఎవరి శిష్యురాలో, ఆ వాద్యానికీ మన జిల్లాలకూ ఉన్న బంధమేమిటో నాలుగు వాక్యాలు శ్రద్ధగా రాయండి. చీమకుర్తి, అద్దంకి, కందుకూరు నుంచి సైతం బస్సెక్కి వచ్చేవారున్నారు. వీలైతే అదే కార్యక్రమాన్ని ఒంగోలులోనూ ఒకసారి జరపండి.

డోలు ఇంటివాడు

మా తండ్రిగారు, అన్నగారు డోలు విద్వాంసులు. ఎవరూ ప్రస్తావించని రెండు మూడు విషయాలు చెప్పడం నా విధి.

తేదీ సంగతి మొదట. కార్తీకం పెళ్లిళ్ల నెల. మా ఇళ్లలో ఏడాది గ్రాసమంతా శ్రావణం, కార్తీకం, మాఘం, ఫాల్గుణం వంటి ముహూర్తాల నెలల్లోనే సమకూరుతుంది. ఆ నెలల్లో ఒక సాయంత్రం మీకు ఇవ్వాలంటే ఆమె ఒక పెళ్లి వదులుకోవాలి. మీతో సాధనకు రావాలంటే మరికొన్ని వదులుకోవాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మాకు చేతిలో పని లేని మాసాలు. మీ విజయదశమి, ఉగాదుల మధ్య వచ్చేది పుష్యమొక్కటే. ఆ పుష్య బహుళ పంచమే త్యాగరాజస్వామి ఆరాధన దినం. ఇంతకన్నా మంచి తిథి మీకు దొరకదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆ తిథి 2025లో జనవరి 18న, 2026లో జనవరి 7న వచ్చింది. సంక్రాంతికి ముందు వస్తే ఇంకా ధనుర్మాసం నడుస్తూ ఉంటుంది గనుక ఆలయ సేవ ఉన్నవారు తెల్లవారుజామునే గుడిలో ఉండాలి. అలాంటి ఏడాది సాయంత్రపు కచేరీ పెట్టి, రాత్రికే వారిని ఊరు చేర్చే ఏర్పాటు చేయండి.

కార్తీక పౌర్ణమినాడు పెన్న ఒడ్డు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ నెల్లూరుకు వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలు; అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను నెల్లూరు వారికి నేను గుర్తుచేయనక్కరలేదు. వాన మాట అటుంచి, గాలిలో తేమ పెరిగితేనే డోలు చర్మం సడలి నాదం మందగిస్తుంది.

రెండవది, డోలు. నాదస్వరాన్ని పిలిచి మృదంగంతో సరిపెడదామని అనుకుంటున్నారేమో, దయచేసి అలా చేయకండి. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో కర్ర పట్టుకుని వాయించే డోలు నడకలోనే నాదస్వర విద్వాంసుల ఊపిరి నడక అలవాటుపడి ఉంటుంది. ఆమె ఎప్పుడూ వాయించే డోలు విద్వాంసుణ్ణే పిలవండి. త్యాగరాజస్వామి ఐదు పంచరత్న కృతులకు మీ మృదంగం ముందుండి డోలు తగ్గి నడవవచ్చు. మల్లారికి డోలు ముందుండాలి.

మల్లారి పేరు వచ్చింది గనుక ఒక సూచన. గుళ్లో స్వామి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు నాదస్వరం మీద వాయించే ఆ రచన గంభీరనాట రాగంలో ఉంటుంది. త్యాగరాజస్వామి పంచరత్నాల్లో మొదటిదైన ‘జగదానందకారక’ నాట రాగంలో ఉంటుంది. రెండూ దగ్గరి బంధువులు. ఆమె, డోలు విద్వాంసుడు ఇద్దరే మల్లారి వాయిస్తూ సభ వెనుక నుంచి నడిచి వచ్చి వేదిక ఎక్కగానే, షడ్జం చెదరకుండా మీ బృందమంతా నాటను అందుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించి చూడండి.

మూడవది చెప్పడానికి నాకు మొహమాటంగా ఉన్నా చెప్పి తీరాలి. ఒక సభలో గాత్ర విద్వాంసులకు తివాచీ పరిచిన వేదిక వేసి, మా వాళ్లను వేదిక కింద ఒక మూలన నిలబెట్టి వాయించమన్నారు. అదే సభలో సంభావన కవరు అందరి ఎదుటా అందుకున్నవారూ ఉన్నారు, వంటశాల దగ్గర అందుకున్నవారూ ఉన్నారు. మీరు అలా చేస్తారని అనుకోను. వయొలిన్ విద్వాంసుడు వస్తే ఎంత ఇచ్చేవారో ఆమెకూ అంతే నిర్ణయించండి. సాధనకు వచ్చే రోజులకు కూడా దారి ఖర్చులు ఇవ్వండి. బయానా ముందే పంపండి.

సౌండు పని చేసేవాడిని

క్లుప్తంగా రాస్తాను. హాలులో నాదస్వరం గంట (వాద్యం చివర విచ్చుకున్న భాగం) ఎటు తిరిగి ఉంటే శబ్దం ఎక్కువగా అటే పోతుంది. కనుక ఆమెను వేదిక ముందు భాగంలో కుడివైపున, గంట సభ వైపు వచ్చేటట్లు కూర్చోబెట్టి, వీణలను ఎడమవైపున ఆమెకు దూరంగా ఉంచండి. ఆమె మైకు గంటకు ఆనుకుని కాక నాలుగు అడుగుల దూరంలో ఉంటే చాలు. చిన్న హాలైతే అసలు అవసరమే లేకపోవచ్చు. మైకులన్నీ వీణలకు, వేణువులకు కేటాయించండి. నాదస్వరం ముందు వీణ వినపడదన్న భయం తీరాలంటే ఇంకొక మార్గం కూర్పులోనే ఉంది. ఆ రెండూ ఒకేసారి మోగవలసిన అవసరం లేదు. చరణాన్ని వీణలకు వదిలి, నాదస్వరం ఆగి వింటే, ఆ నిశ్శబ్దంలో వీణ చక్కగా వినపడుతుంది. హాలు నిండాక శబ్దం మారుతుంది గనుక సాయంత్రం ఖాళీ హాలులో పెట్టిన మట్టాలను నమ్ముకోకండి.

మూలాపేట వయొలిన్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ ఆదివారం సాధన ముగిశాక మీ అభిప్రాయాలన్నీ బృందానికి చదివి వినిపించాను. ట్రంకురోడ్డు రసికుడు గారి మాటను కూడా తీసివేయలేదు; దానిపైనే ఎక్కువసేపు చర్చ జరిగింది. చివరికి ముఖ్య వాద్యం నాదస్వరమే కావాలని పెద్దలూ పిల్లలూ అంగీకరించారు.

నిర్ణయాలు ఇలా ఉన్నాయి. దసరాకు నోట్టు స్వరాలతో పిల్లలు ముందుండి వాయించే కచేరీ ఉంటుంది. కార్తీకంలో ఆరుబయట ఆలోచన విరమించుకుని, మూలాపేటలోనే ఒక చిన్న హాలులో వీణలకూ వేణువులకూ ప్రాధాన్యమిచ్చే కచేరీ పెట్టుకున్నాము. పుష్య బహుళ పంచమి సాయంత్రం మల్లారితో మొదలై, ఐదు పంచరత్నాలు, ఆ తరువాత ఆమె ఎంచుకున్న రాగంలో ఆలాపన, కృతి, స్వరకల్పన. రాగం ఫలానాదే కావాలని మేము అడగదలచుకోలేదు. తోడి అయితే బాగుండునని నా మనసులో ఉన్నా, ఆ నిర్ణయం ఆమెదే. ఉగాది కచేరీకి కృతుల జాబితా ఇంకా తేలలేదు.

రెండున్నర శ్రుతి వేణువులు తెప్పిస్తున్నాము. వీణ వాయించే అమ్మ ఒకరు అరశ్రుతి దించితే తమ వాద్యం నాదం మూగబోతుందేమోనని సంకోచించారు గానీ, సాధనలో దించి చూసిన తరువాత మంద్రస్థాయి ఇంకా గంభీరంగా ఉందని ఆమే ఒప్పుకున్నారు. సంభావన, బయానా, వేదిక విషయంలో డోలు ఇంటివాడు గారు రాసిన ప్రతి మాటనూ తీర్మానంగా రాసుకున్నాము. డోలు విద్వాంసుణ్ణి ఆమెతోపాటే ఆహ్వానిస్తూ ఉత్తరం రాశాము, కరపత్రంలో ఇద్దరి పేర్లూ ఒకే పరిమాణంలో ఉంటాయి.

ఇక ఒక్క సందేహం మిగిలింది. పంచరత్నాల్లో ‘సాధించెనే’ (ఆరభి రాగం), ‘కనకనరుచిరా’ (వరాళి రాగం) చరణాల మధ్య స్వరసాహిత్యాన్ని బృందమూ ఆమే మార్చి మార్చి వాయించాలా, లేక ఐదు కృతులూ ఆద్యంతం అందరూ కలిసే వాయించాలా అన్నది తేలలేదు. వరాళిని నాదస్వరానికి పూర్తిగా వదిలివేసి మేము పల్లవి మాత్రమే అందుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. ఒంగోలు శిక్షకుడు గారు దీనిపై మరొకసారి తమ అభిప్రాయం తెలుపగలరు. పురమందిరం హాలులో ఆ సాయంత్రం ఖాళీ ఉన్నదీ లేనిదీ తెలియగానే తేదీ, సమయం ఇక్కడే ప్రకటిస్తాను.

ఒంగోలు శిక్షకుడు

వరాళి విషయంలో మీ ఆలోచనే సరైనది. ఆరభిని మాత్రం మార్చి మార్చి వాయించండి. ఆ చరణాలు ఒకదానినొకటి తరుముకుంటూ వస్తాయి, అక్కడ పిల్లల వేణువులకు ఒక చరణం పూర్తిగా ఇవ్వండి. ఆమె పాఠం రికార్డు చేతికి అందగానే నాకు తెలియజేస్తే, ఒక ఆదివారం వచ్చి స్వరం రాసి ఇస్తాను.